పెరట్లో నిలిచే వాననీరు – సంఘానికి చేరే పాలు
(సభ్యుల అధ్యయన పాఠం)



వర్షాకాలం రాగానే మన సంఘాలలో రెండు మార్పులు కనిపిస్తాయి. పచ్చిమేత దొరకడం వల్ల పాల సేకరణ పెరుగుతుంది. దానితోపాటే పుల్లని పాలు, విరిగిన పాలు కూడా పెరుగుతాయి. తనిఖీకి వెళ్ళినపుడు కార్యదర్శులను కారణం అడిగితే "వానాకాలం కదండీ" అంటారు. వాన అందరి ఇళ్ళమీదా పడుతుంది. అయినా పాలు తరచుగా చెడిపోయేది కొన్ని ఇళ్ళవారివే. ఆ ఇళ్ళకు వెళ్ళి చూస్తే, మేము గమనించినంతవరకు, చాలాచోట్ల పెరట్లో నీరు నిలిచి, కొట్టం ముందు మోకాలి లోతు బురద ఉంటుంది.

ఇంటి చుట్టూ, పశువుల కొట్టం చుట్టూ వాననీరు నిలవకుండా చేసుకోవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు, మున్నేరు పొంగినట్టు ఊరిమీదికి వచ్చే వరద వేరే సంగతి. దానిని ఒక ఇంటివారు ఆపలేరు. ఇక్కడ చెప్పేది మన ఇంటికప్పు మీద, మన పెరటిమీద పడే నీటిని గురించి, పక్క మెరక నుంచి దిగివచ్చే నీటిని గురించి మాత్రమే.

1. బురద వల్ల నష్టం ఏమిటి?

పాలు పితికిన తరువాత చనుమొన రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. ఆ సమయంలో పశువు పేడ, మూత్రం కలిసిన బురదలో పడుకుంటే సూక్ష్మక్రిములు నేరుగా పొదుగులోకి ప్రవేశిస్తాయి. పొదుగువాపు ఎక్కువగా ఇలాగే వస్తుంది. వైద్యం ఆలస్యమైతే ఆ చన్ను శాశ్వతంగా ఎండిపోవచ్చు. అందుకే పితికిన వెంటనే మేత వేసి పశువును నిలబెట్టాలని చెబుతుంటాము. కాని నేల ఆరి ఉండకపోతే ఈ జాగ్రత్త ఎంతసేపు పనిచేస్తుంది? ఎప్పటికైనా పశువు పడుకోక తప్పదు.

"గేదెకు బురదంటే ఇష్టమే కదా" అని కొందరు సభ్యులు అంటారు. ఎండవేళ ఒంటిని చల్లబరచుకోవడానికి గేదె చెరువులో దిగడం వేరు, రాత్రంతా మూత్రపు బురదలో పడుకోవడం వేరు. ఎడతెగని తడిలో గిట్టలు మెత్తబడి చీలుతాయి, పశువు కుంటుతుంది. కుంటే పశువు మేతకు సరిగా పోదు, పాలు తగ్గుతాయి. నీరు నిలిచే పల్లాలలో నత్తలు పెరుగుతాయి. కార్జపు జలగ వ్యాధి పశువులకు ఈ నత్తల మూలంగానే సంక్రమిస్తుంది. దోమల సంగతి చెప్పనక్కరలేదు. వారం పది రోజులు నిలిచిన నీరు దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా ఎదగడానికి చాలు.

ఇక పాల విషయం. బురద పట్టిన పొదుగును చెంబెడు నీళ్ళతో కడిగి, తుడవకుండా పితికితే ఆ మురికినీరు చేతివెంట కారి గిన్నెలో పడుతుంది. ఆ పాలు సంఘంలో అందరి పాలతో కలుస్తాయి. శీతలీకరణ కేంద్రంలో పాలను 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. చల్లదనం క్రిములు పెరగకుండా ఆపుతుందే తప్ప వాటిని చంపదు. ఒక ఇంటి పెరటి బురద, ఏ తప్పూ లేని మిగతా సభ్యుల పాలను కూడా చెడగొట్టగలదని గ్రహించాలి.

2. మన పెరటిమీద ఎంత నీరు పడుతుంది?

ఒక చదరపు మీటరు స్థలంమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న ఇంటికప్పు సుమారు 56 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల వాన, అంటే 50 మిల్లీమీటర్లు కురిస్తే, ఆ కప్పు నుంచి సుమారు 2,800 లీటర్లు దిగుతాయి. మన 40 లీటర్ల పాల క్యాన్లతో కొలిస్తే 70 క్యాన్లు. ఇల్లు, పెరడు కలిపి 5 సెంట్ల స్థలమైతే 250 క్యాన్ల నీరు. మంచి వాన పడితే ఇంత నీరు రెండు మూడు గంటల్లో వచ్చిపడుతుంది. బిందెలతో ఎత్తిపోయడం, చీపురుతో నెట్టడం దీనికి మందు కాదు. నీటికి శాశ్వతమైన దారి ఉండాలి.

3. ముందు చూడండి, తరువాత తవ్వండి

చాలామంది నీరు నిలిచిన చోట నాలుగు తట్టల మట్టి పోసి పని అయిందనుకుంటారు. తరువాతి వానకు నీరు అక్కడ నిలవదు, పక్కన నిలుస్తుంది. అందుచేత పార పట్టుకునే ముందు ఒక వానను శ్రద్ధగా గమనించాలి. వాన పడుతున్నపుడే గొడుగు వేసుకుని పెరడంతా తిరిగి మూడు విషయాలు చూడాలి.

(అ) నీరు ఎక్కడినుంచి వస్తోంది? మన చూరు నుంచా, వీధి నుంచా, పక్క మెరక నుంచా?
(ఆ) ఎక్కడ నిలుస్తోంది? వాన ఆగగానే నిలిచిన నీటి అంచున పుల్లలు పాతండి. మర్నాడు ఉదయానికి నీరు ఎంత తగ్గిందో చూడండి.
(ఇ) ఎటు పోవాలని చూస్తోంది? చిన్న పాయగానైనా అది పారే వైపే మీ పెరటి సహజమైన వాటం.

తరువాత వాటం కొలవాలి. దీనికి ఇంజనీరు అవసరం లేదు. తాపీమేస్త్రీలు వాడే పారదర్శకమైన నీటి లెవెల్ గొట్టం చాలు. గొట్టంలో గాలిబుడగలు లేకుండా నీరు నింపి, ఒక కొసను ఇంటిగోడ దగ్గర, రెండవ కొసను నీరు పోవలసిన చోట కర్రకు ఆనించి పట్టుకోవాలి. రెండు కొసలలోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ఆ మట్టం నుంచి నేలదాకా రెండుచోట్లా కొలవండి. గోడ దగ్గర 36 అంగుళాలు, 30 అడుగుల దూరంలోని వీధి కాలువ అడుగు దగ్గర 42 అంగుళాలు వస్తే మొత్తం వాలు 6 అంగుళాలు. అంటే 10 అడుగులకు 2 అంగుళాలు. వీధి దగ్గర వచ్చిన కొలత గోడ దగ్గరి కొలతకంటె తక్కువైతే వీధే మన పెరటికంటె మెరకగా ఉందన్నమాట. అటువంటప్పుడు వీధి వైపు కాలువ తవ్వితే నీరు బయటికి పోదు, బయటి నీరే లోపలికి వస్తుంది.

4. పని వరుస

పనులను ఈ వరుసలో చేస్తే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఉంటుంది.

మొదటిది – బయటి నీటిని బయటే ఆపడం. మెరక నుంచి నీరు దిగివచ్చే వైపు, పెరటి అంచువెంట అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తీయాలి. తీసిన మట్టిని దిగువ వైపు, అంటే మన ఇంటి వైపు గట్టుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. ఈ ఎగువ కాలువ ఒక్కటే కొన్ని ఇళ్ళలో సగం బాధ తీరుస్తుంది.

రెండవది – చూరు నీటిని పట్టడం. చూరు నుంచి ధారగా పడే నీరు గోడ మొదట్లో గాడి తవ్వి పునాదికి చెమ్మ ఎక్కిస్తుంది. మట్టిగోడ అయితే కూలడం కూడా జరుగుతుంది. రేకుల కప్పుకు రేకు దోనె గాని, నిలువున కోసిన పి.వి.సి. గొట్టం గాని చూరువెంట కట్టి నీటిని ఒక మూలకు చేర్చవచ్చు. తాటాకు పాకకు, పెంకుటింటికి అది కుదరకపోతే ధార పడే చోట నాపరాళ్ళు వాలుగా పరచాలి. కొట్టానికి చూరు గుంజలకంటె కనీసం రెండడుగులు బయటికి ఉంటే జల్లు లోపలికి కొట్టదు.

మూడవది – నేలకు వాటం ఇవ్వడం. ఇంటిగోడ నుంచి మొదటి పది అడుగులలో అర అడుగు వాలు ఉండటం మంచిది. పది అడుగుల స్థలం లేనివారు ఉన్నంతలోనే గోడ వైపు ఎత్తు ఉండేలా చూసుకోవాలి. కొట్టం నేల చుట్టుపక్కల నేలకంటె అడుగు, అడుగున్నర ఎత్తుండాలి. కొట్టం లోపల పశువు నిలబడే చోట 10 అడుగులకు 2 నుంచి 3 అంగుళాల వాలు మూత్రకాలువ వైపు ఇవ్వాలి. ఇంతకంటె ఎక్కువ వాలు వద్దు. పశువు జారుతుంది. నిండు చూడి పశువు వెనుక భాగం మరీ దిగువన ఉంటే గర్భద్వారం బయటికి జారే ప్రమాదం కూడా ఉంది.

పల్లం పూడ్చేటపుడు మట్టిని ఒకేసారి గుట్టగా పోయకుండా అర అడుగు మందం పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. పేడ, వరిగడ్డి, ఊక, చెత్త వేసి పూడిస్తే అవి కుళ్ళి, నేల మళ్ళీ కుంగుతుంది. పైపొర మొరం లేదా గరుసు అయి ఉండాలి. గిట్టలు ఎక్కువగా తొక్కే చోట్లు రెండు: నీళ్ళతొట్టి చుట్టూ, కొట్టం గుమ్మం ముందు. అక్కడ బండలు పరిచి సందులలో గరుసు కూరితే బురద చాలావరకు తగ్గుతుంది.

నాల్గవది – నీటిని పెరడు దాటించడం. కాలువ అడుగు ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఒకే వాలుగా సాగాలి. పశువులు దాటే చోట కాలువమీద బండ కప్పండి. తెరిచి ఉంచిన ఇరుకు కాలువలో కాలు పడి పశువు విరుచుకుంటే నష్టం చెప్పలేము.

మేత కోసే యంత్రం, మోటారు స్టార్టరు, వైర్లు ఉన్నచోట నీరు చేరకుండా ప్రత్యేకంగా చూసుకోవాలి. తడినేల, రేకుల కొట్టం, ఊడిన వైరు మూడూ ఒకచోట చేరితే మనిషికీ పశువుకూ ప్రాణాపాయం.

5. ఇంకుడు గుంత ఎక్కడ పనికివస్తుంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 సంవత్సరంలో మొదలైన 'నీరు-మీరు' కార్యక్రమం నాటినుంచి ఇంకుడు గుంత అనే మాట అందరికీ తెలుసు. ఎర్రనేలలలో, చల్కా నేలలలో, ఇసుక పాలున్న నేలలలో ఇది చాలా మంచి ఉపాయం. అడుగున పెద్దరాళ్ళు, మధ్యన కంకర, పైన ఇసుక వేయాలి. 4 అడుగుల చదరం, 6 అడుగుల లోతు గుంతలో రాళ్ళు నింపగా మిగిలే ఖాళీలో పట్టేది సుమారు 27 క్యాన్ల నీరు. మనం పైన వేసిన లెక్క ప్రకారం ఇంటికప్పు నుంచే 70 క్యాన్లు వస్తాయి. కాబట్టి గుంత నిండాక మిగిలిన నీరు పోవడానికి పొంగుడు దారి తప్పనిసరిగా ఉంచాలి. అది లేని గుంతే వానరాత్రి పొంగి పెరడు ముంచుతుంది.

నల్లరేగడి నేల సంగతి వేరు. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది, నీటిని చాలా నిదానంగా ఇంకిస్తుంది. అటువంటి నేలలో గోడ పక్కన ఇంకుడు గుంత తీస్తే పునాది కదిలి గోడ బీటలువారవచ్చు. రేగడి ఊళ్ళలో నీటిని పైపైనే కాలువ ద్వారా దూరంగా పంపడం మేలు. ఏ నేలలోనైనా గుంత ఇంటిగోడకు పది అడుగులకు తక్కువ దూరంలో వద్దు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక: ఇంకుడు గుంతలోకి కప్పునీరు మాత్రమే పోవాలి. కొట్టం కడిగిన నీరు, మూత్రం, పేడకుప్ప ఊట అందులోకి పోతే అవి భూమిలో దిగి మన బావినీ, బోరునూ చెడగొడతాయి. మురుగునీటి గుంత తాగేనీటి బావికి కనీసం 50 అడుగుల దూరంలో, దిగువ వైపున ఉండాలి.

6. మురుగునీటిని పారవేయకండి

కొట్టం నుంచి వచ్చే నీరు వానతో కలవకుండా వేరే సన్నకాలువలో పోవాలి. దానిని పచ్చిమేత మడికి మళ్ళించవచ్చు. పారా గడ్డి చెమ్మను బాగా తట్టుకుంటుంది. నేపియర్ గడ్డి నీరు నిలిస్తే తట్టుకోదు కాబట్టి దానిని బోదెలమీద నాటాలి. పేడకుప్ప చుట్టూ చిన్న గట్టు వేసి, పైన తాటాకులు గాని పాత పట్టా గాని కప్పితే ఎరువులోని సారం వానకు కొట్టుకుపోదు. మీ కొట్టం పక్కన కాలువలో నల్లగా పారేది మీ చేనుకు పోవలసిన ఎరువేనని మరవకండి.

7. పక్కింటి సంగతి

పెరటి నీటిని గురించిన తగాదాలు సంఘాలను చీల్చిన సందర్భాలు మాకు తెలుసు. ఒక సంఘంలో జరిగిన విషయం ఊరిపేరు లేకుండా చెబుతాము. పక్కపక్క ఇళ్ళవారు ఇద్దరూ సభ్యులే. ఎగువ ఇంటాయన తన పెరడు రెండడుగులు మెరక చేయించాడు. ఆ వానాకాలమే దిగువ ఇంటి కొట్టంలోకి నీరు చేరింది. ఆ ఇంటామెకున్న రెండు గేదెలలో ఒకదానికి పొదుగువాపు వచ్చి ఒక చన్ను ఎండిపోయింది.

"నా స్థలంలో నేను మట్టి పోసుకుంటే తప్పేమిటమ్మా?" అని ఆయన.

"మట్టి నీదే బాబాయ్, నీళ్ళు నా కొట్టంలోకొస్తున్నాయి" అని ఆమె.

మాట పెరిగి ఆమె సంఘానికి పాలు పోయడం మానింది. ఆమెను చూసి బంధువులు మరి నలుగురు మానారు. చివరకు పాలకవర్గం కలగజేసుకుంది. తప్పు ఎవరిదన్న విచారణ పెట్టకుండా, అధ్యక్షుడు లెవెల్ గొట్టంతో రెండు పెరళ్ళూ కొలిపించాడు. సరిహద్దు వెంట ఒకే కాలువ తీసి వీధి కాలువలో కలిపితే ఇద్దరి నీరూ పోతుందని కొలత చెప్పింది. కాలువకు స్థలం ఆయన ఇచ్చాడు, కూలి ఖర్చు ఇద్దరూ పంచుకున్నారు. ఆమె తిరిగి పాలు పోస్తున్నది. ఎండిన చన్ను మాత్రం తిరిగి రాలేదు. ఈ కొలత మట్టి పోయకముందే జరిగి ఉంటే ఆ నష్టమూ ఉండేది కాదు.

చట్టం కూడా తెలుసుకోదగినదే. ఎగువ భూమిమీద పడిన వాననీరు సహజంగా దిగువ భూమికి పారే హక్కును 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తించింది. అక్కడ 'సహజంగా' అన్నమాట ముఖ్యం. నేల మట్టం మార్చి, గొట్టం పెట్టి, నీటినంతా ఒకచోట కూడగట్టి పక్కవారి గోడమీదికి వదలడం సహజంగా పారడం అనిపించుకోదు. అయితే కోర్టుకు పోయి గెలిచేలోగా ఎన్ని వానాకాలాలు గడుస్తాయో ఆలోచించండి.

వీధి సంగతి కూడా ఇలాంటిదే. చాలా ఊళ్ళలో పాత రోడ్డును తవ్వకుండానే దానిమీద సిమెంటు రోడ్డు వేస్తారు. వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగి, పాత ఇళ్ళు పల్లమైపోతాయి. రోడ్డు పూర్తయ్యాక మొరపెట్టుకుని లాభం తక్కువ. పని మొదలు కాకముందే గ్రామసభలో రోడ్డు మట్టం ఎంత, పక్క కాలువ లోతు ఎంత, పెరళ్ళ నీరు అందులో కలుస్తుందా అని అడగాలి. ఒక్కరు అడిగితే వాయిదా పడే విషయం, వీధిలోని పాల సభ్యులంతా కొలతలతో సహా అడిగితే పట్టించుకోక తప్పదు.

8. సంఘం చేయదగిన పనులు

(1) ఒక నీటి లెవెల్ గొట్టం, ఒక టేపు, రెండు దిమ్మిసలు కొని సభ్యులకు వంతులవారీగా ఇవ్వడం.
(2) విరిగిన పాలు ఏయే ఇళ్ళనుంచి తరచుగా వస్తున్నాయో రిజిస్టరులో చూసి, ఆ సభ్యులను నలుగురిలో నిందించకుండా, పాలకవర్గ సభ్యులిద్దరు వెళ్ళి పెరడు చూసిరావడం.
(3) వీధివారీగా నీటిదారి పటం గీయడం. ఎవరి నీరు ఎవరి పెరటిగుండా పోతోందో కాగితంమీద కనబడితే సగం వాదనలు తీరతాయి.
(4) ఎండాకాలంలో వరుసలోని ఇళ్ళవారంతా ఒకేసారి కాలువలు తీసేట్లు చూడడం. ఒక ఇంటి కాలువ పక్కింటి దగ్గర ఆగిపోతే ఇద్దరి శ్రమా వృథా.

చాలా ఇళ్ళలో పేడ తీసేది, పాలు పితికేది ఆడవారు. ఆ బురదలో రోజూ రెండుపూటలా నిలబడేది వారే. పెరట్లో నీరు ఎక్కడ నిలుస్తుందో వారికి తెలిసినంతగా మగవారికి తెలియదు. కాబట్టి కాలువ ఎటు తీయాలన్న చర్చలో వారిని ముందుగా అడగండి.

9. ఎప్పుడు చేయాలి?

మట్టిపని రోహిణి కార్తె దాటకముందే ముగించాలి. పోసిన మట్టి మృగశిర వానలకు కొంత కుంగుతుంది. అప్పుడు మరో పొర వేసి సరిచేయండి. నెల్లూరు వైపు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి కాబట్టి అక్కడివారు సెప్టెంబరులో ఇంకొకసారి కాలువలు చూసుకోవాలి. ప్రతి పెద్దవాన తరువాత కాలువలోని ఒండ్రు, గడ్డి తీసివేయాలి. తీసిన కాలువను పట్టించుకోకపోతే రెండేళ్ళలో పూడిపోతుంది.

చర్చకు ప్రశ్నలు

(సంఘ సమావేశంలో కార్యదర్శి చదివి సభ్యులచేత జవాబులు చెప్పించవచ్చు.)

1. మీ ఇంటికప్పు పొడవు, వెడల్పు ఎంత? 50 మిల్లీమీటర్ల వానకు ఎన్ని క్యాన్ల నీరు దిగుతుంది?
2. మీ పెరట్లో మర్నాటికి కూడా నీరు నిలిచే చోటు ఏది? ఆ నీరు ఎక్కడినుంచి వస్తోంది?
3. మీ నేల ఎర్రదా, రేగడిదా? ఇంకుడు గుంత మీకు తగునా?
4. మీ నీరు చివరకు ఎవరి పెరటిగుండా పోతోంది? వారితో ఆ విషయం మాట్లాడారా?
5. మీ వీధిలో ముందుగా తీయవలసిన కాలువ ఏది? ఏ తేదీన మొదలుపెడతారు?

అయిదవ ప్రశ్నకు వచ్చిన జవాబును తేదీతో సహా మినిట్సు పుస్తకంలో రాయించండి. తరువాతి తనిఖీకి వచ్చినపుడు మేము ముందుగా ఆ పేజీ చూసి, ఆ తరువాత ఆ కాలువను చూస్తాము.